వేట లేని రోజుల్లో బోటు షాఫ్టు

వేదిక మీది పెద్దలకు, బోటు యజమానులకు, డ్రైవరన్నలకు నమస్కారం. అందరి పేర్లూ చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది, మన్నించండి. లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్ల గురించి ముందువాళ్లు చెప్పేశారు. నేను నీళ్ల కింద ఎవరి కంటా పడని షాఫ్టు బుష్ సంగతి చెబుతాను. షాఫ్టంటే ఇంజిన్ నుంచి వెళ్లి ప్రొపెల్లర్ ఫ్యానును తిప్పే కడ్డీ. బుష్ అంటే ఆ కడ్డీ తిరిగే చోట దాన్ని పట్టి ఉంచే గొట్టం, లోపల గాడులున్న రబ్బరు, బయట గట్టి తొడుగు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోటు జెట్టీకి కట్టేసి ఉంది కదా, ఏం అరుగుతుందిలే అనుకుంటాం. అరగదు, ఉప్పునీరు తినేస్తుంది! స్టెయిన్‌లెస్ షాఫ్టును కాపాడేది దాని మీదుండే పల్చటి ఆక్సైడ్ పొర. ఆ పొర నిలవాలంటే నీటిలోని ఆక్సిజన్ అందుతూ ఉండాలి. షాఫ్టు తిరిగినంతసేపు బుష్ గాడుల్లో కొత్త నీరు పారుతుంది. ఆగితే ఆ సందులో నీరు నిలిచిపోయి, రబ్బరు ఆనుకున్న చోటే లోతుగా గుంటలు పడతాయి. బయటి భాగం మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

ఒక బోటు గురించి చెప్పాలి. నిషేధం అయ్యాక మొదటి వేటలోనే వెనక వణుకు పట్టుకుంది. డ్రైవర్ ఇంజిన్ బోల్టులు బిగించాడు, అలైన్‌మెంట్ చూసుకున్నాడు, వణుకు తగ్గలేదు. ఒడ్డుకెక్కించి బుష్ లాగితే ఏముంది, బయటి ఇత్తడి తొడుగు పసుపు పోయి గులాబీ రంగుకు తిరిగింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొడి రాలింది. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును లాగేసి బోలు రాగిని మిగిల్చింది. గన్‌మెటల్, అంటే ఉప్పునీటికి తట్టుకునే రాగి-తగరం మిశ్రమం, అని చెప్పి అమ్మిన సరుకు అది! నాకు కోపం వచ్చేది ఇక్కడే. నడిసముద్రంలో మనుషుల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటే, అది ఏ లోహమో బిల్లు మీద ఒక్క ముక్క రాయరు. అన్నా, మీరు అడగండి. రాసివ్వనివాడి దగ్గర కొనకండి. ఇనుప బోటైతే లోహం లేని తొడుగున్న బుష్ వేయించండి, ఉప్పునీటిలో రెండు వేరే లోహాలు ఆనుకుని ఒకదాన్ని తినేసే గొడవే ఉండదు.

నీటితోనే నడిచే బుష్ కొత్తదేమీ కాదు. తొలినాటి స్టీమర్లలో లోహపు బేరింగులు ఊరికే అరిగిపోతుంటే, 1854లో ఇంగ్లండు ఇంజనీరు జాన్ పెన్ లిగ్నమ్ వైటీ అనే చెక్క పలకలు పెట్టించాడు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క అది. దానికి సముద్రపు నీరే నూనె. ఇవాళ ఆ చోట రబ్బరు వచ్చింది, పద్ధతి మాత్రం అదే. అందుకే రబ్బరు బుష్‌లోకి గ్రీజు కొట్టకండి, గాడులు మూసుకుపోతాయి. బోటు ఒడ్డున ఉండగా ఇంజిన్ వేసి షాఫ్టు తిప్పకండి, నీరందక రబ్బరు కాలిపోతుంది.

నీళ్లలో ఉన్న బోటుకు వారానికోసారి గేరు న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పితే నిలవ నీరు కదులుతుంది. ఒడ్డుకు లాగే వాలు, అదే స్లిప్‌వే, ఎక్కిస్తే మంచినీళ్లతో కడగండి, మిగతా లోహానికి బదులు తామే కరిగిపోయే జింక్ దిమ్మలు అరిగితే మార్చండి. ఈ పనులు ఎవరు చేస్తారు? కలాసీలు పనిలేక ఊళ్లకు వెళ్లిపోతారు. యజమానులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ 61 రోజులూ బోటు దగ్గర ఒక మనిషిని జీతమిచ్చి ఉంచండి.