ప్రియురాలు నిజంగా కఠినమా? తనలో తానే మునిగిన ప్రేమికుల పాటలు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సింహపురి సాహిత్య మిత్రులకు, కావలి నుంచి, ఒంగోలు నుంచి వచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

తనను తప్ప మరెవరినీ చూడలేని ప్రేమికుల మీద వచ్చిన పాటల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పరాయిది కాదు. తెలుగు సినిమాలో ప్రేమికుడి గుండెకోతకు మాటలిచ్చిన ఆచార్య ఆత్రేయ 1921లో సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టారు. ఆ మాటలను కోట్ల మంది చెవులకు చేర్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మన నెల్లూరు బిడ్డ. ఆ ఇద్దరి పాటలు వింటూ పెరిగినవాళ్లం గనుక, వారి పాటను తరచి చూసే హక్కు మరెవరికన్నా మనకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఈ రోజు నేను చేయబోయేది అదే.

ముందుగా, ఆత్మమోహానికి పాశ్చాత్యులు చెప్పే మూలకథను తలచుకుందాం. రోమన్ కవి ఓవిడ్ రెండు వేల ఏళ్ల కిందట తన 'మెటమార్ఫసిస్' కావ్యం మూడో భాగంలో నార్సిసస్ కథ చెప్పాడు. నీటిలో తన నీడను చూసి మోహించి, అక్కడే కృశించిపోయిన కుర్రవాడి సంగతి మనందరికీ తెలుసు. అదే కథలో ఎకో అనే వనకన్య కూడా ఉంది. దేవత శాపం వల్ల ఆమె తనంతట తాను ఒక్క మాటా ఆడలేదు. ఎదుటివారు అన్న దాంట్లో చివరి మాటలను మాత్రమే తిరిగి పలకగలదు. అలాంటి పిల్ల నార్సిసస్‌ను ప్రేమించింది. తిరస్కారానికి గురై, చిక్కి శల్యమై, చివరికి శరీరమే లేని గొంతుగా మిగిలింది. ఆత్మమోహితుడి కథలో అసలు నష్టపోయింది ఎవరని అడిగితే, నీటి ఒడ్డున పడి ఉన్నవాడి కంటే ముందు నాకు ఈ పిల్లే గుర్తుకు వస్తుంది. మన సినిమా యుగళగీతాలు ఎన్నింటిలో నాయిక పని నాయకుడు పాడిన పల్లవిని తిరిగి పాడటంతో సరిపోయిందో మీరే ఆలోచించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1914లో ఫ్రాయిడ్ ఈ నార్సిసస్ పేరు మీద ఒక వ్యాసం రాశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ఈ ఆత్మమోహాన్ని ఒక వ్యక్తిత్వ రుగ్మతగా చేర్చింది. అది అర్హత ఉన్న వైద్యులు పరీక్షించి చెప్పవలసిన విషయం. ఫోనుకు బదులు ఇవ్వని ప్రతి కుర్రవాడికీ, అలిగిన ప్రతి అమ్మాయికీ ఆ పేరు తగిలించడం న్యాయం కాదు. పాటకు వైద్యుడితో పని లేదు. పాట ప్రవర్తనను చూస్తుంది, చూసినది చెబుతుంది. నేను కూడా అంతవరకే మాట్లాడతాను.

మన సాహిత్యంలో తన మీద తనకే మోహమున్న ప్రేమమూర్తి ఎవరంటే సత్యభామ పేరు చెప్పని తెలుగువారు ఉండరు. సిద్ధేంద్రయోగి పేర చెలామణి అయ్యే కూచిపూడి భామాకలాపంలో ఆమె ప్రవేశమే ఒక సవాలు. తెర వెనక నిలబడి, పొడవాటి జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేస్తుంది; నన్ను ఓడించగలవారుంటే రమ్మని దాని అర్థం. ఆ తరువాత వచ్చే ప్రవేశ దరువు నిండా తన పేరు, తన అందం, తన వైభోగం. కలహానికి మూలం కూడా అద్దమే. ఏకాంతంలో అద్దం ముందు నిలిచి, మనిద్దరిలో ఎవరు అందంగా ఉన్నారన్న ముచ్చటగా మొదలైన మాట పెరిగి, కృష్ణుడు అలిగి వెళ్లిపోతాడు.

అయితే ఈ కలాపాన్ని కట్టిన వారి తెలివి మాధవి పాత్రలో ఉంది. సూత్రధారుడే మాధవి అయి సత్యభామ పక్కన నిలబడతాడు. ఆమె గొప్పలు చెప్పుకుంటుంటే వింటాడు, ఎగతాళి చేస్తాడు, నిలదీస్తాడు. నీ మగడి పేరేమిటో చెబితేనే గాని కబురు తీసుకుపోనని పట్టుబడతాడు. అంతసేపూ తన పేరు చాటుకున్న మనిషి భర్త పేరు చెప్పవలసి వచ్చేసరికి సిగ్గుతో తల వంచుకుంటుంది. ఉత్తరం చేరవేయాలంటే ముక్కెర ఇవ్వాలని బేరం పెడితే, ఎంతో తటపటాయించి చివరికి దాన్ని తీసి ఇస్తుంది. అతిశయం ఒక్కో ఆభరణంగా, ఒక్కో మాటగా దిగిపోవడం మన కళ్ల ముందే జరుగుతుంది. గొప్పలు చెప్పుకునే మనిషి పక్కన బదులు చెప్పే మనిషిని నిలబెట్టడం వల్లనే అది సాధ్యమైంది.

రంగస్థలం మీద 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు పాడిన 'మీరజాలగలడా' పాటను 1966లో వచ్చిన సినిమాలో పి. సుశీల పాడగా, జమున అభినయించారు. నా ఆజ్ఞను అతడు దాటగలడా అని పొంగిపోయే పాట అది. ఆ పాటలో ఎంత అతిశయం ఉన్నా, కథ ఆమెను ఒంటరిగా వదలలేదు. నగలన్నీ పోసినా తూగని కృష్ణుడు రుక్మిణి ఉంచిన తులసిదళానికి తూగాడు. కాకర్ల వంశంలో పుట్టిన త్యాగరాజు కూడా 'నౌకా చరిత్రము'లో ఈ దారిలోనే నడిచారు. ఆ ఇంటిపేరు ఇచ్చిన ఊరు మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనిదే. కృష్ణుడు తమ అందానికి లొంగిపోయాడని యమునలో పడవ మీద పాడుకుంటున్న గోపికలకు గాలివాన, పడవకు చిల్లు రెండూ ఎదురయ్యాయి. ఆడవారి అతిశయానికి మన సాహిత్యం ఎప్పుడూ ఒక తక్కెడనో, ఒక తుఫానునో సిద్ధంగా ఉంచింది.

మరి మగవాడి అతిశయానికి ఏమి ఉంచింది? మన ఆలంకారికులకు ఆ మనిషి బాగా తెలుసు. నాయకులను నాలుగు రకాలుగా విభజించి, ఎదుట తీయగా మాట్లాడుతూ చాటున అపకారం చేసేవాడిని శఠుడన్నారు. తప్పు ఒంటి మీదే కనిపిస్తున్నా సిగ్గుపడని వాడిని ధృష్టుడన్నారు. వారికి ఎదురుగా ఖండితను, అంటే ప్రియుడు మరొకతె దగ్గర గడిపి వచ్చాడని తెలిసి కోపించిన నాయికను, నిలబెట్టారు. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య ఆ ఖండితకు ఇచ్చిన గొంతు ఎంత పదునైనదో వినాలంటే సురటి రాగంలోని 'ఇందెందు వచ్చితివిరా' అనే పదం, అంటే ఆ శృంగార గీతం, వినాలి. మరొకతె దగ్గరికి పోవలసినవాడు తన గడప ఎక్కితే, ఆమె కేకలు వేయదు. దారి తప్పి వచ్చినట్టున్నావు, ఆమె ఉండే వీధి ఇది కాదు అన్నట్టుగా మాట్లాడుతుంది. రావడం ఎప్పుడూ తన ఇష్టం, ఎదురుచూడటం ఎప్పుడూ ఆమె పని అనుకున్న మనిషికి ఇంతకంటే గట్టి సమాధానం ఉండదు. అభినయించేవారు ఈ పదాన్ని నిదానంగా, అతడిని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి మొదలుపెడితే, ఆ చూపులోనే సగం పదం అయిపోతుంది.

ఆ చూపు ఉంది చూశారా, అదే నా ప్రసంగానికి ఆయువుపట్టు. ఆత్మమోహితుడికి ఎదుటివారు కనబడరు. అతడి వల్ల గాయపడిన మనిషికి మాత్రం అతడు జుట్టు చివరి దాకా కనబడతాడు. ఆ కనబడినదంతా చెప్పినప్పుడే ఇలాంటి పాట నిలుస్తుంది.

అమెరికా గాయని కార్లీ సైమన్ 1972 చివర్లో విడుదల చేసిన 'యూ ఆర్ సో వెయిన్' ఇందుకు గొప్ప సాక్ష్యం. 1973 జనవరిలో అది అక్కడి జనాదరణ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. విందుకు వచ్చిన ఆ మనిషి టోపీ ఎలా వాల్చుకున్నాడో, మెడగుడ్డ ఏ రంగుదో, నడుస్తూ ఒక కన్ను అద్దం మీద ఎలా ఉంచాడో ఆమె వరసగా చెబుతుంది. పందెంలో అతడి గుర్రం గెలవడం, సూర్యగ్రహణం చూడటానికి సొంత విమానంలో నోవా స్కోషియా దాకా వెళ్లడం కూడా చెబుతుంది. ఎక్కడా అతడిని తిట్టదు. ఈ పాట కూడా నీ గురించే అనుకుంటున్నావు కదూ అని పల్లవిలో ఉచ్చు పన్నుతుంది. ఔనంటే అతడి అహం బయటపడుతుంది; కాదనడానికి వీలు లేదు, పాట నిజంగా అతడి గురించే. ఆ పల్లవిలో ఆమెతో గొంతు కలిపినవాడు ఇంగ్లండ్ రాక్ గాయకుడు మిక్ జాగర్. ఆ మనిషి ఎవరని లోకం దశాబ్దాల పాటు అడిగింది. 2015లో ఆమె రెండో చరణం మాత్రం నటుడు వారెన్ బీటీ గురించి అని చెప్పింది. నాకు ఆ పేరు కంటే ఆ మెడగుడ్డ రంగు ముఖ్యం. అంత చూసిన మనిషి ఒకప్పుడు అతడిని ఎంత ప్రేమించిందో ఆ రంగే చెబుతుంది. ఈ తరం పిల్లలకు తెలిసిన జస్టిన్ బీబర్ 'లవ్ యువర్‌సెల్ఫ్' 2015లో వచ్చింది. ఎడ్ షీరన్ దాని సహరచయిత. అదీ ఈ కోవదే. కానీ అందులో పరిశీలన కంటే దెప్పిపొడుపే ఎక్కువ.

ఇక మన సినిమా పాటకు వద్దాం. 1953 నాటి 'దేవదాసు'లో ఘంటసాల పాడిన 'జగమే మాయ' వింటే ఈనాటికీ కళ్లు చెమర్చని వారు అరుదు. నాకూ చెమరుస్తాయి. కానీ ఆ కథకు మూలమైన బెంగాలీ రచయిత శరత్ నవలలో దేవదాసు పార్వతి నుదుటి మీద కొట్టి గాయం చేశాడని, నీకు గర్వం ఎక్కువైందని అన్నాడని మనం మరచిపోకూడదు. ఆమెను నిలబెట్టుకోవలసిన రాత్రి ధైర్యం చేయనివాడు, తరువాత లోకమంతా మాయ అన్నాడు. లోకం ఏమి చేసింది? పార్వతి ఆ మచ్చతోనే మరొకరి ఇంట కాపురం చేసింది. ఆమెకు ఒక 'జగమే మాయ' దక్కలేదు.

ఇప్పుడు మన ఇంటి పాట. 1988లో వచ్చిన 'అభినందన'లో ఆత్రేయ రాసి, ఇళయరాజా బాణీ కట్టి, బాలు పాడిన 'ప్రేమ ఎంత మధురం' పాటను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లి ఆర్కెస్ట్రా అంటూ ఉంటే ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. గాయకుడు కళ్లు మూసుకుని ప్రియురాలు కఠినమని పాడుతుంటే, వరసగా వేసిన కుర్చీల్లో మగవాళ్లు తలలు ఊపుతారు. పక్కన వాళ్ల భార్యలు కూడా ఊపుతారు. ఇంతకీ ఆ ప్రియురాలు చేసిన కఠినమైన పని ఏమిటి? కథ గుర్తు చేసుకోండి. అక్క చనిపోయింది. తల్లి లేని పిల్లలు మిగిలారు. పిల్లల కోసం బావను పెళ్లాడమని ఇంటివాళ్లు అడిగారు. కథానాయిక రాణి తన ప్రేమను చంపుకుని ఒప్పుకుంది. ప్రేక్షకులకు ఇదంతా తెలుసు. పాటకు మాత్రం తెలియదు.

పాట ఎంత అందంగా రాశారో చూడండి. ప్రేమికుడు తానే పాలసముద్రం చిలికానని, తానే హాలాహలం మింగానని అంటాడు. పురాణంలో శివుడు ఆ విషం మింగింది లోకాలను కాపాడటానికి. ఈ పాటలో మింగినవాడు ఎవరిని కాపాడాడు? నిజానికి ఆ కథలో విషం మింగి, మరొకరి బిడ్డలను కాపాడినది రాణి. నీలకంఠుడి పోలిక ఆమెకు చెందవలసింది. దాన్ని అతడు తన మెడకు వేసుకున్నాడు. బాలు గొంతులోని ఆర్తి ఎంత నిజమైనదంటే, ఆ మార్పిడి మన కంట పడనే పడదు.

ఆత్రేయ అన్యాయం చేశారని నేను అనడం లేదు. ఆయన పాత్ర మనసుకు అద్దం పట్టారు. దెబ్బతిన్న కుర్రవాడు అలాగే ఆలోచిస్తాడు, అలాగే పాడతాడు. 'ప్రేమనగర్'లో కూడా ఆ జమీందారు మత్తులో పాడే పాట 'నేను' అన్న మాటతోనే మొదలవుతుంది, అందులో అతడు, లోకం తప్ప మూడో మనిషి లేదు. ఆ మనసును అంత కచ్చితంగా పట్టుకోవడం మహాకవి పని. లోటు మరోచోట ఉంది. సత్యభామ పక్కన మాధవి ఉంది. క్షేత్రయ్య నాయకుడికి ఎదురుగా ఖండిత ఉంది. మన సినిమా భగ్నప్రేమికుడి పక్కన ఎవరూ లేరు. సీసా ఉంది, వాన ఉంది, వయొలిన్లు ఉన్నాయి. ఆమె వైపు కథ ఏమిటయ్యా అని అడిగే మనిషి లేడు. అందువల్ల అతడి బాధే సత్యమైపోయి, ఆమె రాయి అయిపోయింది. ఆ పాటను సెల్‌ఫోన్ స్టేటస్‌గా పెట్టుకునే కుర్రవాడికి కాదన్న ప్రతి అమ్మాయీ కఠినురాలిగానే కనిపిస్తుంది. పాట వల్లనే ఎవరైనా చెడిపోతారని నేను అనను. కానీ కాదన్న అమ్మాయికి ఒక కారణం ఉండవచ్చని ఒక్క పాట అయినా అతడి చెవిన వేసి ఉంటే బాగుండేది కదా అన్న బాధ మాత్రం నాకుంది.

ఈ సభలో పాటలు రాసే పిల్లలు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీకు ఒక పని అప్పగిస్తాను. 'ప్రేమ ఎంత మధురం' బాణీకే రాణి పాడే రెండు చరణాలు రాయండి. అందులో అతడిని తిట్టవద్దు. అక్క పోయిన రోజు ఇల్లు ఎలా ఉందో రాయండి. పిల్లలు ఆమెను మొదటిసారి ఏమని పిలిచారో రాయండి. బావ మంచివాడు కావడం వల్ల ఆమె బాధ తగ్గిందో, పెరిగిందో తేల్చండి. నిండు సభలో తనను చూస్తూ ఒకప్పటి ప్రేమికుడు తనను కఠినమని పాడుతుంటే, చీర కొంగు పట్టుకుని కూర్చున్న ఆమె అతడిలో ఏమేమి గమనించిందో రాయండి. వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. హార్మోనియం నేను తెప్పిస్తాను, ఆత్రేయ చరణం ఒకటి, రాణి చరణం ఒకటి, ఆ వరసలోనే పాడిద్దాం.