గెట్టు కొట్లాట, కోట గోడ

సభకు నమస్కారం.

యుద్ధం మనిషి రక్తంలోనే ఉందా అన్నది ఇవాళ్టి విషయం. ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తాను.

మా బాపుకూ చిన్నాయినకూ గెట్టు పంచాయితీ. ఉన్నది జానెడు జాగ. ఒకనాడు పొద్దున్నే నాగలి గెట్టు దాటిందని మాటా మాటా పెరిగి ఇద్దరూ పారలెత్తారు. పార కామ తగిలి చిన్నాయిన నుదురు పగిలింది, రక్తం కంట్లోకి కారింది. నాకప్పుడు పదేండ్లు, ఒడ్డు మీద నిలబడి వణుకుతున్నాను. కొట్టిన మా బాపే భుజం మీది తువ్వాల చింపి కట్టు కట్టాడు. తర్వాత పెద్దమనుషులు తాడు పట్టి కొలిచి హద్దురాళ్లు పాతించారు. ఆ వానాకాలం చిన్నాయిన ఎడ్లతోనే మా చెలక దున్నాం.

అది కోపం. పుట్టుకతోనే వస్తుంది, కాదనను. కానీ యుద్ధం జరగాలంటే ఆ గెట్టుతో ఏ సంబంధమూ లేని వేలమంది కావాలి.

మన ఖిలా వరంగల్‌నే చూడండి. రాతికోటను గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసింది. రెండు తరాల పని! చుట్టూ అగడ్త, దానికవతల మట్టికోట. దర్వాజాలోంచి నేరుగా లోపలికి పోలేం, దారి మెలిక తిరుగుతుంది. వచ్చే శత్రువు అక్కడ ఆగాలి, పైనున్నవాళ్లకు దొరకాలి. ఎంత ఆలోచించి కట్టారో! కోపమొచ్చినవాడు పార ఎత్తుతాడు గానీ ఇట్లాంటి దర్వాజా కట్టడు. దానికి పన్నులు వసూలు కావాలి, ధాన్యం నిల్వ ఉండాలి, చెప్పినట్టు వినే మనుషులుండాలి.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేన ఈ కోటను పట్టుకుంది. ఢిల్లీ నుంచి నడిచొచ్చిన సిపాయికి ఓరుగల్లులో ఎవరిమీద పగ? అతన్ని తీసుకొచ్చారు, తిండి పెట్టారు, శత్రువెవరో చూపించారు. మనిషికి యుద్ధం నేర్పాల్సి వస్తోందంటే అది స్వభావం ఎట్లా అవుతుంది? 1986లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కొందరు శాస్త్రవేత్తలు కూడా ఇదే ప్రకటించారు: యుద్ధం మన జన్యువుల్లో రాసిపెట్టి ఉందనడం శాస్త్రీయంగా తప్పు అని. మూడేండ్ల తర్వాత యునెస్కో ఆ ప్రకటనను ఆమోదించింది.

అయితే నన్ను ఇబ్బంది పెట్టే ఆధారం ఒకటుంది, దాన్ని దాచను. సూడాన్‌లోని జెబెల్ సహబాలో దాదాపు 13 వేల ఏండ్ల నాటి శ్మశానం బయటపడింది. 2021లో ఆ ఎముకలను మళ్లీ పరీక్షిస్తే 61 మందిలో 41 మందికి గాయాల గుర్తులు కనిపించాయి. ఆడా మగా తేడా లేదు, పిల్లలూ ఉన్నారు. రాజులు, కోటలు లేని కాలంలో కూడా మనుషులు గుంపులుగా చంపుకున్నారన్నమాట. ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆ గాయాల్లో మానినవి కూడా ఉన్నాయి. విరిగిన ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది. అన్ని రోజులు లేవలేనివాడికి ఎవరో నీళ్లు తెచ్చివ్వాలి, పక్కన కూర్చుని తినిపించాలి. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బాపు చింపిన తువ్వాలే కండ్ల ముందు మెదిలింది.