డయాలసిస్ రోగికి ఛాతిమంట: మెడికల్ షాపు మందు వేసే ముందు
నమస్కారం. నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో డయాలసిస్ చేయించుకుంటున్న వారి కోసం, అంతకంటే ముఖ్యంగా ఇంట్లో వారికి వండిపెట్టే, మందులు తెచ్చిపెట్టే వారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. తిన్న తరువాత ఛాతిలో మంట, పుల్లటి తేన్పులు, కడుపు ఉబ్బరం, వికారం వంటివి వస్తే డాక్టరును అడగకుండానే మెడికల్ షాపులో మందు కొని వేసుకోవడం మనకు అలవాటు. మూత్రపిండాలు బాగున్న మనిషికి దానివల్ల పెద్ద నష్టం కలగకపోవచ్చు కానీ, డయాలసిస్ మీద ఉన్న మనిషికి అదే మందు ముప్పు తెస్తుంది.

డైజీన్, జెలుసిల్ వంటి యాంటాసిడ్లలో అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. పేగుల నుంచి రక్తంలోకి చేరిన ఆ కొద్దిపాటి లోహాన్ని మూత్రంలో బయటికి పంపవలసినవి కిడ్నీలే. అవి పనిచేయనప్పుడు అల్యూమినియం ఎముకల్లో, మెదడులో పేరుకుపోయి ఎముకలను బలహీనపరచడమే కాక, మాట తడబాటు, మతిమరుపు, మూర్ఛల దాకా తీసుకుపోగలదు. మెగ్నీషియం ఎక్కువైతే కండరాలు పట్టు తప్పుతాయి, రక్తపోటు పడిపోతుంది, గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. ఈ సిరప్ తాగిన వెంటనే నిమ్మరసం కూడా తాగితే మరింత నష్టం, ఎందుకంటే నిమ్మలోని సిట్రేట్ వల్ల అల్యూమినియం రక్తంలోకి ఇంకా ఎక్కువగా చేరుతుంది. ఈనో, వంటసోడాలలో ఉన్న సోడియం దాహం పెంచుతుంది, ఆ దాహానికి తాగిన నీరంతా తరువాతి డయాలసిస్ దాకా ఒంట్లోనే ఉండిపోతుంది. ఇక కడుపు చల్లబడుతుందని ప్రేమతో తెచ్చిచ్చే కొబ్బరిబొండం విషయం గట్టిగానే చెబుతున్నాను: వద్దు. అందులోని పొటాషియం రక్తంలో పెరిగిపోతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మజ్జిగను కూడా రోజుకు ఇంతే తాగాలని డాక్టరు చెప్పిన నీటి లెక్కలోనే కలపాలి.

అసలు ఈ మంట వీరిలో ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది? రక్తంలో వ్యర్థాలు పేరుకున్నప్పుడు జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతుంది. షుగరు వల్ల కిడ్నీలు పోయినవారిలో జీర్ణాశయపు నరాలు కూడా దెబ్బతిని ఉంటే ఆ జాప్యం ఇంకా పెరుగుతుంది. దీనికి మన దినచర్య తోడవుతుంది. దేవరకొండ నుంచో మక్తల్ నుంచో తెల్లవారుజామున టీ మాత్రమే తాగి బయలుదేరి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి, మధ్యాహ్నం ఇల్లు చేరిన మనిషి ఆకలి మీద పచ్చిపులుసుతో కడుపునిండా తిని, నీరసంతో వెంటనే పడుకుంటే తిన్నది పైకి తన్నకుండా ఉండదు. పైగా చింతపండులో పొటాషియం కూడా ఎక్కువే. కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు తినడం, తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకపోవడం, మంచం తలాపు వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం నిజంగా పనిచేసే ఉపాయాలు. దిండ్లు పెంచితే నడుము వంగి, కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది.

అయితే వెల్లకిలా పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారంటే, అది గ్యాస్ కాకుండా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. ఛాతిమంటతో పాటు చెమటలు, ఆయాసం, ఎడమ చేతిలో లేదా దవడలో నొప్పి ఉంటే ముందు ఈసీజీ తీయించాలి. అన్నం సహించకుండా రోజూ వికారంగా ఉంటే డయాలసిస్ చాలడం లేదేమోనని కూడా డాక్టరు చూడాలి. ఒకటి రెండు సార్లు డయాలసిస్ మానేసినవారికి ఈ బాధ మరీ ఎక్కువ.

మలబద్ధకాన్ని చాలామంది చిన్న విషయంగా చూస్తారు. కిడ్నీలు పోయాక పొటాషియంలో కొంత భాగం మలంతోనే బయటికి పోతుంది కాబట్టి, మలం ఆగితే పొటాషియమూ ఆగుతుంది. ఫాస్ఫరస్ తగ్గించడానికి అన్నంతో వేసుకునే గోలీలు, ఐరన్ గోలీలు మలబద్ధకం తెస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, విరేచనానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తాగకూడదు, అందులో ఉన్నదీ మెగ్నీషియమే. డాక్టరు సలహాతో మలబద్ధకానికి లాక్టులోజ్ అనే మందు వాడవచ్చు. ఇక ఛాతిమంటకు డాక్టర్లు తరచుగా రాసే పాంటోప్రజోల్ మోతాదును కిడ్నీల కోసం తగ్గించనవసరం లేదు, మంటకే వాడే ఫామోటిడిన్ మోతాదు మాత్రం తగ్గించాలి. ఏదైనా ఎన్నాళ్లు వాడాలో డాక్టరే చెప్పాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మోకాళ్లు, నడుము పట్టేసినవారు ఎందరో ఉన్నారు. ఆ నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి గోలీలు వేసుకుంటే కడుపులో పుండ్లు పడి రక్తం కారవచ్చు. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆ రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయకండి. ఐరన్ గోలీల వల్ల కూడా మలం నల్లబడుతుంది కానీ, ఆ తేడా తేల్చవలసింది డాక్టరే. ఆ రోజు డయాలసిస్ ఉంటే, సూదులు పెట్టకముందే టెక్నీషియన్‌కు ఈ విషయం చెప్పండి. అప్పుడు హెపారిన్ లేకుండా డయాలసిస్ చేయడానికి వీలుంటుంది.