పశువైద్యశాలకు బయలుదేరే ముందు ఇంట్లో చూడవలసినవి

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను. కుక్కనో పిల్లినో పశువైద్యశాలకు తీసుకువెళ్లే ముందు ఇంట్లో ఏమేమి చూసుకోవాలి, డాక్టరుకు ఏమేమి చెప్పాలి, ఈరోజు వీడియో అదే. ఇదిగో, ఇది మా కుక్క, పేరు చుక్క. ఇప్పుడే తిని పడుకుంది. మనకు కావలసింది కూడా అదే, ఎందుకో చూద్దాం.

ఎక్స్‌రే, స్కానింగ్, ల్యాబ్, ఆపరేషన్ థియేటర్ అన్నీ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి వెళ్తున్నాం, అంతా వాళ్లే చూసుకుంటారు అనుకుంటాం. చూసుకుంటారు, సందేహం లేదు. కానీ ఆ బల్ల ఎక్కగానే జంతువు బెదురుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఒగరుస్తుంది. పిల్లులకైతే ఆ కంగారుకే రక్తంలో చక్కెర కూడా పెరగవచ్చు. ఇంట్లో నెమ్మదిగా ఉన్నప్పుడు ఎలా ఉందన్నది డాక్టరుకు చెప్పగలిగేది మీరొక్కరే.

సరే, మొదట సంచి. టీకాల కార్డు, పాత మందుల చీటీలు, చిన్న డబ్బాలో ఆ పూట మలం. అంతే, పెట్టేయండి. పిల్లికైతే పైన కూడా మూత తెరుచుకునే బుట్ట కొనండి, నేను అందరికీ అదే చెబుతాను. ఇలా పైమూత తీస్తే చాలు, లోపల కూర్చున్న పిల్లిని కూర్చున్నట్టే పరీక్షించవచ్చు. బయటికి లాగే పనే ఉండదు.

తరువాత జ్వరం. మామూలు డిజిటల్ థర్మామీటరే, కొస వంగేది అయితే ఇంకా మంచిది. కొసకు కాస్త వాజలీన్ రాసి, మలద్వారంలో, ఇలా. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు కుక్కకు మామూలే. మనకు 101 అంటే జ్వరం, దానికి కాదు. అంకె రాసుకోండి, ఏ సమయంలో చూశారో కూడా రాసుకోండి.

ఇప్పుడు అసలు పని, ఊపిరి లెక్క. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చుక్క పక్కటెముకల దగ్గర చూడండి. పైకి లేచింది... కిందికి దిగింది. ఈ రెండూ కలిపితే ఒకటి. మళ్లీ చూడండి, లేచింది, దిగింది, రెండు. లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి అని లెక్కపెడితే అంకె రెట్టింపవుతుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోనులో 30 సెకన్లు పెట్టుకోండి, వచ్చిన దాన్ని రెండుతో హెచ్చించండి. నాలుక బయటపెట్టి ఒగరుస్తున్నప్పుడు లెక్కపెట్టవద్దు. బీచ్ రోడ్డులో నడిచి వచ్చిన వెంటనే అసలే వద్దు, మన ఉక్కకు ఏ కుక్కైనా ఒగరుస్తుంది. నిద్రలో కాళ్లు కొట్టుకుంటుంటే కలగంటోంది, ఆగి మళ్లీ చూడండి. గాఢనిద్రలో నిమిషానికి 30 దాటకూడదు. పూటపూటా దాటుతుంటే, ముఖ్యంగా గుండె జబ్బు ఉందని ముందే చెప్పిన కుక్కకైతే, అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. నాకైతే ఫోనులో దాని పడక తీరును వీడియో తీసి పెట్టుకోవడం బాగా నచ్చుతుంది. డాక్టరే చూసి లెక్కపెట్టుకుంటారు.

చిగుళ్లు. పెదవి ఎత్తండి, వేలితో నొక్కి వదలండి. తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నలుపు, అప్పుడు కంటి కింది రెప్ప లోపల రంగు చూడండి.

పిడుదులు. మన విశాఖ తేమలో ఇవి ఏడాది పొడవునా తగులుతూనే ఉంటాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, పట్టీ కింద వెతకండి. కనిపిస్తే తీసేసి ఊరుకోవద్దు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎర్లిషియా, బేబీసియా వంటి, రక్తంలో చేరి జబ్బు చేసే క్రిములు వీటివల్లే వస్తాయి. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూడాలా వద్దా అన్నది మీరు చెప్పే ఆ ఒక్క మాట మీద ఆధారపడవచ్చు.

పిల్లికి జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం ఇవ్వవద్దు. చిన్న ముక్క కూడా వద్దు, ప్రాణం పోతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచవద్దు, ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో గుమ్మంలోనే చెప్పేయండి. ఎవరూ కోప్పడరు, చికిత్స త్వరగా మొదలుపెడతారు.

ఆపరేషన్ ఉంటే మేత ఎప్పుడు ఆపాలో ముందురోజే అడగండి. పెద్ద కుక్కకు చెప్పిన గంటలు చిన్న పిల్లకు వర్తించవు.

ఇక, ఇవన్నీ చూస్తూ కూర్చోకూడని సందర్భాలు ఉన్నాయి. మగపిల్లి మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా రాకపోవడం. కుక్క పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఓకరించడం. చిగుళ్లు తెల్లగా పాలిపోవడం. అప్పుడు థర్మామీటరు వద్దు, లెక్క వద్దు. గాజువాకలో ఉన్నా మధురవాడలో ఉన్నా బండి ఎక్కించి, దారిలోనే ఆసుపత్రికి ఫోను చేసి ఏమి జరుగుతోందో చెప్పండి. మీరు చేరేసరికి వాళ్లు సిద్ధంగా ఉంటారు.