నోబిడ్ పడిన బేలు
(టంగుటూరు దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన మాటలు)

కూర్చోండమ్మా, కూర్చోండి. మీ ప్రిన్సిపాల్ గారు నన్ను పిలుస్తూ "సక్సెస్ గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ల పైచిలుకు చేసి రిటైరైనవాణ్ని. సక్సెస్ గురించి నాకు తెలిసింది తక్కువ. నోబిడ్ గురించి మాత్రం బాగా తెలుసు. అదే చెబుతాను.

పొగాకు ఇళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. సగం పైనే ఉన్నారు. పొగాకు తాగమని చెప్పడానికి రాలేదు, భయపడకండి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. వేలం కేంద్రంలో బేళ్లు, అంటే ఎండిన ఆకు నొక్కి కట్టిన మూటలు, వరసగా పెట్టి ఉంటాయి. కొనేవాళ్లు నడుచుకుంటూ వస్తారు, ఆకు లాగి చూస్తారు, ధర వేస్తారు, ముందుకు పోతారు. ఒక్కో బేలు దగ్గర ఆగేది కొన్ని సెకన్లే. ఎవరూ ధర వేయకపోతే దానికి నోబిడ్ పడినట్టు. నాట్ల దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ ఆ కాస్త సేపట్లో తేలిపోతుంది.

నాకు ఇరవై ఏళ్లప్పుడు మా నాన్నతో వెళ్లాను. మూడు బేళ్లకి నోబిడ్ పడింది. పక్క వరసలో మా ఊరివాళ్లవి అమ్ముడుపోయాయి. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. కొనేవాళ్లంతా కుమ్మక్కయ్యారని తిట్టుకున్నాను కూడా. నాన్న మాత్రం టీ తాగి, బేళ్లు ట్రాక్టర్ మీద వేయించి ఇంటికి తెచ్చాడు.

మర్నాడు బాగా ఎండ పడ్డాక వాకిట్లో పట్టా పరిచి మొదటి బేలు విప్పాడు. పైన మంచి ఆకే. లోపలికి పోయేకొద్దీ అంచుల్లో ఆకుపచ్చ మిగిలిపోయిన ఆకు తగిలింది. "ఏందబ్బాయా, ఇది రేత్తిరి బల్బు కింద కట్టిన బేలు. ఆ ఎలుతుర్లో పచ్చ కనపళ్లా" అన్నాడు. అక్కడితో ఆగలేదు. అసలు పచ్చ ఎందుకొచ్చిందా అని వెనక్కి లెక్కేశాడు. ఆ బ్యారన్, అదే పొగాకు వేడికి ఆరబెట్టే కొట్టం, కాల్చేటప్పుడు మేం పెళ్లికి పోయే తొందరలో ఉన్నాం. ఆకు పూర్తిగా పసుపుకు తిరక్కముందే మంట పెంచేశాం. అలా పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఇక మారదు. రెండు రోజులు కూర్చుని ఆకు వేరుచేశాం. రెండు మంచి బేళ్లు, ఒక లోగ్రేడ్ బేలు అయ్యాయి. తర్వాతి వేలంలో మూడూ పోయాయి. గొప్ప ధరేమీ రాలేదు, చెప్పుకోవడానికి సిగ్గేసే ధర కూడా కాదు.

నేను బ్యాంకు పరీక్ష రాసింది ఆ తర్వాతే. మూడుసార్లు పోయింది. అప్పట్లో మార్కులు కూడా తెలిసేవి కాదు, పేపర్లో మన నంబర్ ఉండేది కాదు, అంతే. రెండుసార్లు పోయాక కూడా నేను చేసిందల్లా ఇంకాస్త ఎక్కువ చదవడం. నోబిడ్ పడిన బేలుకి ఇంకో తాడు బిగించినట్టన్నమాట. మూడోసారి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే, గుర్తున్న ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పక్కనే, ఎందుకు పోయిందో ఒక్క ముక్క: రాదు, వచ్చు కానీ టైం చాలలేదు, ప్రశ్న తప్పుగా చదివాను. రాసి చూసుకుంటే నవ్వొచ్చింది. "రాదు" అని రాసినవి చాలా తక్కువ. ఒక వడ్డీ లెక్క దగ్గర పంతానికి పోయి ఆరేడు నిమిషాలు కూర్చున్నాను, చివర్లో సులువైనవి చూడనేలేదు. నాకు కావాల్సింది ఇంకో పుస్తకం కాదు, లెక్క వదిలేసి ముందుకు పోయే అలవాటు. గడియారం పెట్టుకుని రోజూ అదే ప్రాక్టీస్ చేశాను. ఇప్పుడు మీరు రాసే బ్యాంకు ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకి 100 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. పంతానికి పోయేవాడికి ఇంకా నష్టం.

నాలుగోసారి రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూలో ఒకాయన నా ఊరు చూసి, "బ్యారన్‌లో ఎన్ని డిగ్రీల వేడి పెడతారు?" అని అడిగారు. నోరు పెగల్లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ బ్యారన్ పక్కనే పడుకున్నవాణ్ని! ప్రపంచ రాజధానులన్నీ బట్టీపట్టి పోయాను మరి. ఇంటికొచ్చి నాన్నని అడిగితే, మొదట 100 డిగ్రీల ఫారన్‌హీట్ లోపే పెట్టి ఆకు పసుపుకు తిరిగేదాకా ఆగాలని, చివర్లో ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్లాలని, వేళ్ల మీద చెప్పాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాతి ఇంటర్వ్యూకి మా ఊరి పంట, చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకలు, ఏది అడిగినా పది నిమిషాలు మాట్లాడేలా తయారై వెళ్లాను. మీ ఇంట్లో రొయ్యల చెరువుంటే మేత ఖర్చెంతో అడిగి తెలుసుకోండి. కూలికి పోయే ఇల్లయితే కూలి లెక్కలు అడగండి. తర్వాత లోన్లు ఇచ్చే సీట్లో కూర్చున్నప్పుడు నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.

మన జిల్లాకి పేరిచ్చిన ప్రకాశం పంతులు గారినే తీసుకోండి. వాళ్లమ్మ గారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి చదివించారు. ఆయన రాజమండ్రిలో ప్లీడరై, మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. కానీ ఆయనలాంటి సెకండ్ గ్రేడ్ ప్లీడర్‌కి హైకోర్టులో వాదించే హక్కు లేదు. తన బేలు ఎక్కడ ఆగిందో ఆయనకి స్పష్టంగా తెలుసు. ముప్ఫై దాటాక, సంపాదన బాగున్న రోజుల్లో, 1904లో ఇంగ్లండ్ వెళ్లి మళ్లీ విద్యార్థి అయ్యారు. బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. సైమన్ కమిషన్ నాటి గుండె ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం చైర్మన్ కుర్చీ వదిలి పాఠం వినడానికి కూర్చోవడమే పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఫోన్ గురించి చెప్పమన్నారు మీ సార్లు. చదివేటప్పుడు వేరే గదిలో పెట్టండి. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. వేలకు వేలు కట్టించుకుని ఆత్మవిశ్వాసం నేర్పుతామనేవాళ్ల దగ్గరికి పోయేముందు, మీరు చివరిసారి రాసిన పరీక్ష పేపర్ ఒకసారి విప్పి చూసుకోండి. రాత్రి కాదు, తెల్లారాక. ఓడిన రోజు రాత్రి అంతా ఒకే రంగులో కనిపిస్తుంది. చుట్టాలు "ఏమైందిరా?" అని అడుగుతారు. "చూస్తన్నా పెదనాన్నా" అనండి, చాలు.

నా బస్సు ఐదున్నరకి. అప్పటిదాకా బయట వరండాలో కూర్చుంటాను. ఎవరి దగ్గరైనా పోయిన పరీక్ష స్కోర్ కార్డు ఉంటే పట్టుకురండి, ఇద్దరం కలిసి విప్పి చూద్దాం. పెన్ను మర్చిపోకండి.