వైరస్ కత్తెర మన ప్రోటీన్లలో ఎక్కడ పడుతుంది?

కరోనా వైరస్ మన కణంలో చేరాక తన ప్రోటీన్లను ఒక్కొక్కటిగా చేయించుకోదండీ. సుమారు 7,000 అమైనో ఆమ్లాలున్న పొడవాటి దండ ఒకటి కట్టించుకుని, తర్వాత దాన్ని ముక్కలు చేసుకుంటుంది. ఆ కోత పని ఎక్కువగా చేసేది మెయిన్ ప్రోటీజ్ అనే ఎంజైమ్. 11 చోట్ల కోస్తుంది.

(తెర మీద: దండ, దాని మీద 11 కోతలు)

దానికో అలవాటుంది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పక్కన గ్లుటమిన్ అనే మరొకటి, ఆ వెంటనే సెరిన్ లాంటి చిన్న అమైనో ఆమ్లం వస్తే, సరిగ్గా గ్లుటమిన్ దాటాక కోస్తుంది. మరి అదే వరస మన ప్రోటీన్లలో ఉంటే? అక్కడా కోత పడొచ్చు, కానీ వెతికితే అలాంటి చోట్లు వేలల్లో దొరుకుతాయి, అన్నిటినీ ల్యాబ్‌లో పరీక్షించడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఆకారం కూడా చూడాలి. కోయాల్సిన ముక్క ఎంజైమ్ గాడిలో సాగదీసిన దారంలా పడుకోవాలి, అప్పుడే ఎంజైమ్‌లో 145వ స్థానంలో ఉండి కోత పెట్టే సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అందుతుంది. ప్రోటీన్ మడతల లోపల దాక్కున్న చోటు అంత తేలిగ్గా అందదు. వైరస్ సొంత ముక్కలు ఆ గాడిలో ఎలా కూర్చుంటాయో చూపించే క్రిస్టల్ నిర్మాణాలు (స్ఫటికాల మీద ఎక్స్-రేలతో తీసిన ఆకారాలు) ఉన్నాయి, మన ప్రోటీన్లకు ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ అంచనా వేసిన నిర్మాణాలు 2021 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. హెచ్‌ఐవీ ప్రోటీజ్‌ను చూస్తే ఇదెందుకో బాగా తెలుస్తుంది: అది కోసే చోట్లలో అక్షరాలు, అంటే అమైనో ఆమ్లాల వరస, పెద్దగా కలవవు, గాడిలో అవి పట్టే ఆకారం మాత్రం కలుస్తుంది.

(తెర మీద: నీమో ప్రోటీన్, 231వ గ్లుటమిన్ ఎర్రగా)

ఇక నీమో. వైరస్ వచ్చిందని కణంలో హెచ్చరిక మోగించే దారిలో ఇదొక ముఖ్యమైన ప్రోటీన్. మెయిన్ ప్రోటీజ్ దీన్ని 231వ గ్లుటమిన్ దగ్గర కోస్తుంది, దాంతో మెదడులోని సన్నని రక్తనాళాల కణాలు చనిపోతాయని 2021లో తేలింది. చిత్రమేమిటంటే అక్కడ గ్లుటమిన్ తర్వాత ఉన్నది సెరిన్ కాదు, వాలిన్. పైగా ఆ భాగం మామూలుగా మెలితిరిగిన హెలిక్స్‌లో ఉంటుంది. అంటే ఇక్కడ కోత పడుతుందా అని మార్కులేస్తే, అక్షరాల లెక్కలో అవి తగ్గుతాయి, ప్రోటీన్ కదలదన్నట్టు చూపే బొమ్మను నమ్మినా తగ్గుతాయి. కానీ 2022లో వచ్చిన క్రిస్టల్ నిర్మాణంలో నీమో ముక్క వైరస్ సొంత ముక్కల్లాగే గాడిలో సాగి కూర్చుంది.

కాబట్టి హెలిక్స్ అనగానే కొట్టేయకండి, అది ఎంత తేలిగ్గా విప్పుకుంటుందో లెక్కలో కలపండి. కోత పడొచ్చనుకునే చోట్ల జాబితా తగ్గాక ట్యూబులో ఎంజైమ్, ప్రోటీన్ కలిపి, ముక్కలు పడ్డాయేమో జెల్ మీద (ముక్కలను సైజు వారీగా విడదీసే పద్ధతి) చూడండి. గ్లుటమిన్‌ను మార్చేస్తే కోత ఆగాలి. ఆగితేనే నమ్మండి.