కీమో మందు ఎక్కుతున్నప్పుడు ఏ పాట?

అందరికీ నమస్తే. అక్టోబర్ రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని ఈ సభ పెట్టుకున్నరు. నేను డాక్టర్ను కాదు. హనుమకొండలో ముప్పై ఏండ్ల నుంచి పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకుంటున్న. మా అక్కకు కీమో నడిచినన్ని రోజులు పక్కన కూర్చున్న. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పనితోనే మొదలుపెడత.

మొదటి కీమోకు ముందురోజు రాత్రి ఫోన్ల నీలాంబరి, ఆనందభైరవి వీణ రికార్డింగులు ఎక్కించిన. నీలాంబరి జోలపాటల రాగం గదా, అక్క కండ్లు మూసుకొని పడుకుంటదని నా లెక్క. తెల్లారకముందే కాజీపేటల రైలెక్కినం. సికింద్రాబాద్‌ల దిగి ఆటోల ఆస్పత్రికి పోయి, రక్తపరీక్ష రిపోర్టు కోసం మళ్ల ఎదురుచూపు. కుర్చీల కూర్చునే సరికి అక్క చేతులు మంచుగడ్డలైనయి. సిస్టర్ ముంజేతి మీద తడుతనే ఉన్నది, నరం దొరకదు. భయపడితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటయి. నరం దొరకక ఇంకోసారి గుచ్చితే భయం ఇంకింత పెరుగుతది. మూడో పోటుకు దొరికింది. ఎర్రగ ఉండే కీమో మందు సిరంజి చూసి అక్క మొఖం పక్కకు తిప్పుకున్నది. ఇదే సమయమని నేను వీణ పెట్టిన. నిమిషం కాలేదు.

"ఆపవే. పెద్దోళ్లు సచ్చిపోతే దూరదర్శన్‌ల పెడుతుండె సూడు, అట్లున్నది" అన్నది.

సిస్టర్ నవ్వాపుకోలేకపోయింది. నా ముప్పై ఏండ్ల పాఠాలు ఆ ఒక్క మాటకు కొట్టుకపోయినయి.

మరి ఏం కావాలె అంటే, "మనూరి నాట్ల పాటలు పెట్టు" అన్నది. అవి యూట్యూబ్‌ల దొరికే పాటలు కావు. మా వదిన పొలం గట్టు మీద ఫోన్ పట్టుకొని నిలబడి రికార్డు చేసింది. పాట నడుమ నీళ్ల చప్పుడు, కొంగల అరుపు, "ఓ పోరీ, ఆ నారు కట్ట ఇటెయ్" అని ఎవరిదో కేక. రెండో విడతకు అక్క అదే వినుకుంట కూర్చున్నది. కుర్చీ అంచు మీద బొటనవేలు తాళం వేస్తున్నది. ఆ రోజు మొదటి పోటుకే నరం దొరికిందని చెప్పను, రెండోసారికి దొరికింది. చెయ్యి మాత్రం వణకలేదు.

ఇది మా ఇంటి ముచ్చటేనా అంటే, కాదు. వైద్య పరిశోధనలను జమచేసి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2021ల 81 పరిశోధనలు, 5,576 మంది వివరాలు ఒక్కకాడ పెట్టి చూసింది. క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్లల్ల సంగీతం ఆందోళనను బాగానే తగ్గించవచ్చని తేలింది. ఈ రుజువు అంత గట్టిది కాదని కూడా వాళ్లే రాసిన్రు. మాత్ర అయితే అసలుదేదో ఉత్తదేదో తెల్వకుండ ఇచ్చి పరీక్షించొచ్చు, పాట వినేటోనికి వింటున్నట్టు తెల్వకుండ ఎట్ల చేస్తరు?

ఫలానా రాగం వింటే గడ్డ కరుగుతదని వాట్సాప్‌ల తిరిగేటివి నాకూ వస్తయి. రాగాలు నేర్పి బతికేదాన్ని, నేనే చెప్తున్న, అబద్ధం. పాట గడ్డను ముట్టదు. మెల్లగ పాడినప్పుడు, కూనిరాగం తీసినప్పుడు శ్వాస బయటికి పొడుగ్గ పోతది, గుండె వేగం కొంచెం తగ్గుతది. మనసు సూది మీది నుంచి పక్కకు జరుగుతది. అంతవరకే. వారాల తరబడి నిద్ర పట్టక, గుండె దడ తగ్గకపోతే పాటతోని సరిపెట్టుకోకుండ డాక్టర్‌కు చెప్పాలె. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగుల మాట్లాడుతరు.

ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకోండి. ఎర్ర మందు నరం దాటి బయటికి కారితే అక్కడి కండ దెబ్బతింటది. మంట, వాపు అనిపించంగనే సిస్టర్‌ను పిలవాలె, ఆమె అడిగేది వినపడాలె. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మా అక్క కండ్లు మూసుకున్నప్పుడు నడుమ లోన్ యాప్ ప్రకటన వచ్చి అరిచింది, ఉలిక్కిపడ్డది. రేడియేషన్‌కు లోపల ఒక్కరే కదలకుండ పడుకోవాలె, అదీ కొన్ని నిమిషాలే. గదిల స్పీకర్ ఉంటే మీ పాట పెట్టుమని అడగండి. లేకపోతే మనసుల పాడుకోండి. అక్క బతుకమ్మ పాటల వచ్చే ఉయ్యాలోలు లెక్కపెట్టుకుంటుండె.

ఇంకొకటి నాకు ఆలస్యంగ తెలిసింది. కీమోల వాంతులైన మనిషికి తర్వాత ఆస్పత్రి వాసన తగిలినా కడుపుల తిప్పుతది. పాట కూడా అట్లనే అంటుకోవచ్చు. అందుకే అన్నిటికంటే ప్రాణమైన పాటను అక్కడికి తీసుకపోకండి, దాని తర్వాతిది తీసుకపోండి. మేము తెల్వక మా అమ్మ పాడే బతుకమ్మ పాటను కూడా ఎర్ర మందు నాలుగు విడతలల్ల పెట్టినం. మొన్న సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ ఆ పాట ఎత్తుకున్నరు. అక్క చప్పట్లు ఆపి, నీళ్లు తాగొస్త అని పక్కకు జరిగింది. రెండో పాటకు మళ్ల వచ్చి వరుసల కలిసింది.